కొట్టు 700 అడుగుల నుంచి 3,500 అడుగులు చేస్తే ఎంత దూరం నుంచి జనం వస్తారు?

గోదారి_కొట్టు
మాది పశ్చిమ గోదావరిలో ఒక మండల కేంద్రం. ఊరి పేరు ఇప్పుడే వద్దు, లోన్ సంగతి ఇంట్లోనే ఇంకా తేలలేదు. నాన్నగారి కిరాణా కొట్టుని ఆరేళ్ళ కిందట సూపర్‌మార్కెట్‌గా మార్చాను. 700 చదరపు అడుగులు, నాలుగు వరసల ర్యాకులు, ఒక బిల్లింగ్ కౌంటరు. ఇప్పుడు మెయిన్ రోడ్డు మీద 3,500 అడుగుల హాలు అద్దెకు వస్తోంది. నెలకు 45 వేలు అడుగుతున్నారు.

మా బావగారి లెక్క ఇది: "సైజు అయిదింతలు అవుతోంది కాబట్టి జనం వచ్చే ఏరియా కూడా అయిదింతలు. ఇప్పుడు రెండు కిలోమీటర్ల నుంచి వస్తున్నారు, అప్పుడు పది కిలోమీటర్ల నుంచి వస్తారు." పది కిలోమీటర్లంటే మా చుట్టూ పద్నాలుగు ఊళ్ళు. వినడానికి బాగుంది, కానీ పట్నంలో 40 వేల అడుగుల పెద్ద స్టోరు ఉంది. మాకు 18 కిలోమీటర్లు. ఆలోచిస్తుంటే రాత్రిళ్ళు నిద్ర పట్టడం లేదు. సైజు పెరిగితే నిజంగా దూరం నుంచి వస్తారా? అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి.

పచారీ_40ఏళ్ళు
రారు. సరుకు కోసం వస్తారు, అరువు కోసం వస్తారు, మన మొహం చూసి వస్తారు. హాలు చూసి ఎవరూ రారు.

కూకట్‌పల్లి_57
పై ఆయన మాట పూర్తిగా ఒప్పుకోలేను. 2001లో ముషీరాబాద్‌లో ఆర్‌పీజీ వాళ్ళు జెయింట్ అని హైపర్‌మార్కెట్ తెరిచారు, తర్వాత అది స్పెన్సర్స్ అయింది. అప్పటికి మన వైపు అంత పెద్దది ఎవరూ చూడలేదు. మేము స్కూటర్ మీద ముగ్గురం ఉప్పల్ నుంచి వెళ్ళేవాళ్ళం. మా అమ్మకి ట్రాలీ తోసుకుంటూ నడవడమే ఒక పండగ. హాలు చూసే వెళ్ళాం, ఒప్పుకుంటాను.

అయితే 2006లో రిలయన్స్ ఫ్రెష్ మొదటి షాపులు హైదరాబాద్‌లోనే పెట్టింది. అవి చిన్నవి, పేటకొకటి. ఆ తర్వాత ప్రతి కాలనీకీ ఏదో ఒకటి వచ్చేసింది. మేము ముషీరాబాద్ వెళ్ళడం ఎప్పుడు ఆగిపోయిందో కూడా గుర్తు లేదు. ఆ భవనం ఒక్క అడుగు కూడా తగ్గలేదు. మా ఇల్లు మాత్రం దాని ఏరియా నుంచి బయటికి వచ్చేసింది.

లెక్కల_మాస్టారు
గోదారి_కొట్టు గారూ, మీ ప్రశ్న మీద దాదాపు వందేళ్ళుగా పని జరుగుతోంది. నేను జాగ్రఫీ చెప్తాను కాబట్టి కొంచెం పొడుగ్గా రాస్తున్నా, ఓపిక పట్టండి.

1931లో అమెరికాలో విలియం రైలీ అనే ఆయన న్యూటన్ గురుత్వాకర్షణ సూత్రాన్ని వ్యాపారానికి తెచ్చాడు. రెండు పట్నాల మధ్య ఉన్న ఊరివాళ్ళు ఎటు వెళ్తారన్నది ఆ పట్నాల జనాభాని బట్టి పెరుగుతుంది, దూరానికి వర్గం చొప్పున తగ్గుతుంది. అంటే దూరం రెండింతలైతే లాగే బలం నాలుగో వంతు. 1949లో కన్వర్స్ అనే ఆయన దీన్నే తిప్పి, ఇటు వచ్చేవాళ్ళకీ అటు వెళ్ళేవాళ్ళకీ మధ్య సరిగ్గా ఎక్కడ గీత పడుతుందో చెప్పే సూత్రం ఇచ్చాడు. 1960ల్లో డేవిడ్ హఫ్ జనాభా బదులు షాపు చదరపు అడుగులూ, దూరం బదులు ప్రయాణానికి పట్టే సమయమూ పెట్టాడు.

మీ అంకెలు వేసి చూశాను. ఇప్పుడు మీది 700, పట్నంలోది 40,000. అంటే 57 రెట్లు. దాని వర్గమూలం సుమారు 7.56. కన్వర్స్ సూత్రం ప్రకారం దానికి ఒకటి కలిపి, 18ని 8.56తో భాగిస్తే 2.1 కిలోమీటర్లు. మీరు చెప్పిన "రెండు కిలోమీటర్లు" అక్కడికక్కడ సరిపోయింది చూడండి.

3,500 చేస్తే తేడా 11.4 రెట్లకు దిగుతుంది. వర్గమూలం 3.38. 18ని 4.38తో భాగిస్తే 4.1 కిలోమీటర్లు. అది పట్నం వైపు. పట్నానికి ఎదురు దిక్కున గీత ఇంకా దూరం జరుగుతుంది, అక్కడ ఒకటి కలపడం బదులు తీసేసి 18ని 2.38తో భాగిస్తే ఏడున్నర కిలోమీటర్లు. మొత్తం వైశాల్యం ఇప్పటికి అయిదింతల పైమాటే. కాబట్టి బావగారు ఏరియా అయిదింతలు అన్నది లెక్క ప్రకారం తప్పు కాదు. దూరం అయిదింతలు అనడమే తప్పు. దూరం అయిదింతలైతే ఏరియా పాతిక రెట్లు అవ్వాలి.

అత్తిలి_ఆడపడుచు
మాస్టారూ, ఏడున్నర కిలోమీటర్లా! అంత దూరం నుంచి కొత్తిమీర కట్ట కోసం ఎవరొస్తారండీ?

లెక్కల_మాస్టారు
కొత్తిమీరకి రారమ్మా. అందుకే హఫ్ దూరం బరువుని అన్నిటికీ ఒకేలా ఉంచలేదు, సరుకుని బట్టి మారుతుందన్నాడు. పాలు, పెరుగు, కొత్తిమీరకి దూరం చాలా బరువు. నెల సరుకులకి కొంచెం తక్కువ. సోఫాకో, ఫ్రిజ్‌కో ఇంకా తక్కువ. అందుకే 2018లో హైదరాబాద్‌లో ఐకియా ఫర్నిచర్ షాపు 4 లక్షల అడుగుల్లో తెరిస్తే పక్క జిల్లాల నుంచి కార్లలో వచ్చారు.

అత్తిలి_ఆడపడుచు
అలా చెప్పండి. మా ఇంట్లో జరిగేది చెప్తా. పాలు, పెరుగు, బ్రెడ్డు, పిల్లాడి పెన్ను వీధి చివర కొట్లో. పప్పులు, నూనె, సబ్బులు, డిటర్జెంటు నెలకోసారి పట్నంలో పెద్ద స్టోర్లో. బియ్యం మాత్రం మా మిల్లు నుంచి 26 కిలోల బస్తా నేరుగా ఇంటికే. నేను ఒక్క మనిషినే, మూడు ఏరియాల్లో ఉన్నాను. మీ మ్యాపులో నన్ను ఎక్కడ పెడతారు?

మ్యాపుల_పిచ్చి
అక్కా, మిమ్మల్ని మూడు చోట్లా కొంచెం కొంచెం పెడతాం. హఫ్ చేసిన మేలు అదే. రైలీ గీత గీసి ఇటువాళ్ళు ఇటే, అటువాళ్ళు అటే అన్నాడు. హఫ్ గీత తీసేసి, ఈ వీధివాళ్ళ ఖర్చులో ఇంత శాతం ఇక్కడికి, ఇంత శాతం అక్కడికి అన్నాడు.

నేనూ వేసి చూశా. మీ ఊళ్ళోనే, కొట్టుకి అయిదు నిమిషాల్లో ఉన్న ఇల్లు తీసుకోండి. పట్నానికి 30 నిమిషాలు. అడుగుల్ని నిమిషాల వర్గంతో భాగించాలి. ఇప్పుడు మీ వంతు 28, పట్నం వంతు 44. అంటే ఆ ఇంటి సరుకుల్లో మీకు నూటికి 39. కొట్టు 3,500 చేస్తే మీ వంతు 140 అవుతుంది, అంటే నూటికి 76. ఇప్పుడు పట్నం వైపు పల్లె చూడండి, మీకు 15 నిమిషాలు, పట్నానికి 20. అక్కడ మీకు ఇప్పుడు నూటికి 3 వస్తుంటే, పెద్దది చేశాక 13, 14 వస్తుంది. ఆ పల్లెలో ఒక 150 అడుగుల కిరాణా కొట్టు రెండు నిమిషాల్లో ఉందనుకుంటే మీకు 10కి పడిపోతుంది.

ఏరియా పెరుగుతుంది, నిజమే. కానీ మీ అసలు లాభం పద్నాలుగు ఊళ్ళలో లేదు. మీ సొంత ఊళ్ళో, ఇప్పుడు నెలకోసారి పట్నం బస్సెక్కుతున్న వాళ్ళలో ఉంది.

గోదారి_కొట్టు
మ్యాపుల_పిచ్చి గారూ, చివరి మాట మూడుసార్లు చదివాను. నేను ఎంతసేపూ బయటి ఊళ్ళ గురించే ఆలోచిస్తున్నా. మా వీధిలోవాళ్ళే పసుపు కుంకుమకి నా దగ్గరికొచ్చి, నెల సామానుకి పట్నం వెళ్తారు. రోజూ చూస్తూనే ఉన్నా, లెక్కలోకి తీసుకోలేదు.

పచారీ_40ఏళ్ళు
లెక్కలు బాగున్నాయి గానీ, మీ సూత్రాల్లో ఖాతా పుస్తకం ఎక్కడుంది? మా కొట్లో 120 ఇళ్ళకి ఖాతా ఉంది. కూలి డబ్బులు వారానికోసారి వస్తాయి, ధాన్యం డబ్బులు పంటకోసారి వస్తాయి. అప్పటిదాకా పెద్ద స్టోరు ఇస్తుందా? ఖాతా ఉన్న ఇల్లు ఊరు దాటదు. హాలు పెద్దదైతే కౌంటర్లో కుర్రాడు కూర్చుంటాడు, వాడికి ఎవరికి ఎంత ఇవ్వచ్చో తెలియదు. ఉన్న ఏరియా కూడా పోతుంది.

హనుమకొండ_దుకాణం
పెద్దాయన చెప్పింది అక్షరాలా నిజం. మాది హనుమకొండ దగ్గర పల్లె. దుకాణం పెద్దగ చేసినంక ఉద్దెర బంద్ పెట్టిన. మూడు నెలల్లో పాత గిరాకీ సగం పోయింది, కొత్త గిరాకీ రావడానికి ఏడాది పట్టింది. మళ్ళీ నమ్మకమైన ఇళ్ళకు ఉద్దెర మొదలుపెట్టిన తర్వాతనే కుదురుకున్నది.

సైట్_సర్వే
పదకొండేళ్ళు ఒక చెయిన్‌కి స్థలాలు వెతికే పని చేశాను. కంపెనీ పేరు అవసరం లేదు. మేము కిలోమీటర్లు చూసేవాళ్ళం కాదు, నిమిషాలు చూసేవాళ్ళం. అనుకున్న స్థలం నుంచి బైకు మీద బయల్దేరి 5 నిమిషాలు, 10 నిమిషాలు, 15 నిమిషాల్లో ఎక్కడికి చేరతామో అన్ని దిక్కులా గుర్తు పెట్టుకునేవాళ్ళం. ఆ గీతలు కలిపితే ఎప్పుడూ గుండ్రంగా రాదు. రోడ్డు వెంట పొడుగ్గా సాగుతుంది, రైల్వే గేటు దగ్గర తెగిపోతుంది. ఒకచోట రోడ్డుకి ఎదురుగా ఉన్న కాలనీ మా గేటు నుంచి వంద అడుగులే. కానీ మధ్యలో డివైడరు, యూ టర్న్ కిలోమీటరున్నర దూరం. ఆ కాలనీ నుంచి మేము అనుకున్నదాంట్లో మూడో వంతు కూడా రాలేదు.

గోదావరి జిల్లాల్లో రైల్వే గేటు పని కాలవ చేస్తుంది. వంతెన ఎక్కడుందో చూడండి, దాన్ని బట్టి మీ ఏరియా తేలుతుంది.

ఇంకో మాట. సైజు పెంచినా, ఇంకో స్టోరు పెట్టినా ఏరియా పెరగడం ఒక హద్దు దాకానే. మా పెద్ద స్టోరుకి నాలుగు కిలోమీటర్లలో మేమే రెండోది తెరిచాం. కొత్తదాని అమ్మకం చూసి సంబరపడ్డాం. ఆరు నెలలకి చూస్తే అందులో చాలా భాగం పాత స్టోరు నుంచి వచ్చిందే.

డల్లాస్_బాబాయ్
ఇక్కడ మన వాళ్ళ సంగతి చెప్తే సైజు మీద మీకున్న నమ్మకం కొంచెం కదులుతుంది. నేను చదువుకునే రోజుల్లో ఓక్లహోమా సిటీ దగ్గర ఉండేవాణ్ణి. అపార్ట్‌మెంట్‌కి నాలుగు నిమిషాల్లో వాల్‌మార్ట్ సూపర్‌సెంటర్. అవి సగటున 1,80,000 చదరపు అడుగులు ఉంటాయి, లక్షకు పైగా రకాల సరుకులు. అయినా రెండు నెలలకోసారి నలుగురం కారు వేసుకుని 200 మైళ్ళు డల్లాస్ వెళ్ళేవాళ్ళం, ఒక ఇండియన్ కొట్టుకి. అది వాల్‌మార్ట్‌లో పదో వంతు కూడా ఉండదు. గోంగూర, ములక్కాడలు, లేత బెండకాయలు, మంచి కందిపప్పు, అంతే మా జాబితా. ఆ చిన్న కొట్టు ఏరియా 200 మైళ్ళు, ఆ పెద్ద వాల్‌మార్ట్ ఏరియా పది మైళ్ళు.

కాస్ట్‌కో అనే చెయిన్ ఇంకో రకం. గోదాములా పెద్దది, కానీ లోపల దాదాపు 4,000 రకాల సరుకులే. జనం దూరం నుంచి వెళ్ళేది రకాల కోసం కాదు, పెద్ద ప్యాకు ధర కోసం.

మ్యాపుల_పిచ్చి
బాబాయ్ చెప్పింది హఫ్‌కి వ్యతిరేకం కాదు. ఆయన చదరపు అడుగులు తీసుకున్నది గోడల మీద ప్రేమతో కాదు కదా. స్థలం ఎక్కువుంటే రకాలు ఎక్కువుంటాయి, వెళ్తే పని అవుతుందన్న భరోసా ఉంటుంది అని. రకాలు కొలవడం కష్టం, అడుగులు కొలవడం తేలిక. మీ డల్లాస్ కొట్టులో మీకు కావలసిన రకాలు వాల్‌మార్ట్ కంటే ఎక్కువ. మీ వరకూ అదే పెద్ద కొట్టు.

అత్తిలి_ఆడపడుచు
అయితే 3,500 అడుగుల్లో అవే నాలుగు సబ్బులు వెడల్పుగా సర్దితే మాస్టారి ఏడున్నర కిలోమీటర్లు రావన్నమాట.

లెక్కల_మాస్టారు
రావమ్మా. ఒక్క అడుగు కూడా జరగదు.

లీసెస్టర్_లక్ష్మి
ఇంగ్లండులో ఈ సైజు విషయం చట్టంలోనే ఉంది. 1994 నాటి సండే ట్రేడింగ్ చట్టం ప్రకారం 280 చదరపు మీటర్లు, అంటే సుమారు 3,000 అడుగులు దాటిన షాపులు ఆదివారం ఆరు గంటలే తెరవాలి, అదీ పొద్దున పది నుంచి సాయంత్రం ఆరు లోపల. అందుకే పెద్ద చెయిన్లు ఆ హద్దు లోపల చిన్న షాపులు చాలా పెట్టాయి. మా వీధి చివర ఒకటుంది. వారానికోసారి కారులో పెద్దదానికి వెళ్తాం, మధ్యలో పాలకి, బ్రెడ్డుకి నడిచి దీనికి. అదే కంపెనీ, రెండు సైజులు, రెండు ఏరియాలు. ఒకటి కారు చేరేంత దూరం, ఒకటి కాళ్ళు చేరేంత దూరం.

నర్సాపురం_బస్సు
ఎవరూ అడగలేదు కాబట్టి నేను అడుగుతున్నా. ఫ్రీ బస్సు లెక్కలో వేశారా? తెలంగాణలో 2023 డిసెంబర్ నుంచి, మన ఏపీలో 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్ళకి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ లాంటి ఆర్టీసీ బస్సుల్లో ఛార్జీ లేదు. మా వదిన వాళ్ళు ఇదివరకు రానూ పోనూ ఛార్జీ చూసుకుని పట్నం వెళ్ళడం మానేసేవాళ్ళు. ఇప్పుడు ముగ్గురు కలిసి పల్లెవెలుగు ఎక్కి వెళ్ళొస్తున్నారు. పెద్ద స్టోరు ఒక్క అడుగు పెరగకుండానే దాని ఏరియా పెరిగింది.

హనుమకొండ_దుకాణం
మాకు ఇది బాగా తెలిసింది. కానీ చూడండి, బస్సులో తెచ్చేది రెండు చేతుల సంచులంత. డబ్బా నూనె, బియ్యం బస్తా, పప్పు అయిదు కిలోలు ఎవరు మోస్తరు? నేను బరువు సామాను ఇంటికి పంపుడు మొదలుపెట్టిన, ఒక ట్రాలీ ఆటో మాట్లాడుకొని. సబ్బులు, షాంపూలు పట్నంలో కొంటున్నరు, బరువులు నా దగ్గర కొంటున్నరు.

సైట్_సర్వే
ఇది బంగారం లాంటి మాట. ఇంటికి పంపడం మొదలైతే ఏరియా లెక్క తలకిందులవుతుంది. నగరాల్లో పది నిమిషాల డెలివరీ వాళ్ళ గోదాములు చూడండి. అక్కడికి కస్టమరు అసలు రాడు. హాలు ఎంత పెంచినా రెండు మూడు కిలోమీటర్లు దాటలేరు, ఎందుకంటే పది నిమిషాల్లో బైకు అంతకంటే దూరం పోదు. అక్కడ హద్దు పెట్టేది గడియారం.

కూకట్‌పల్లి_57
ప్రారంభోత్సవం రోజు జనాన్ని చూసి మాత్రం ఏరియా అనుకోకండి. మా దగ్గర ఒక పెద్ద మాల్ తెరిచినప్పుడు వారం పది రోజులు రోడ్డు కదల్లేదు. ఎక్కడెక్కడి బళ్ళ నంబర్లో కనిపించాయి. రెండు నెలలకి మా చుట్టుపక్కలవాళ్ళే మిగిలారు.

మండపేట_మామయ్య
అద్దె సంగతి ఎవరూ మాట్లాడరేం? నెలకు 45 వేలు. కిరాణాలో సగటున నూటికి పది మిగులుతుందనుకుందాం, అంతకంటే తక్కువే ఉంటుంది. ఒక్క అద్దె కోసమే నాలుగున్నర లక్షల అమ్మకం కొత్తగా రావాలి. ఇంటికి మూడు వేల చొప్పున వేస్తే 150 కొత్త ఇళ్ళు, పూర్తి నెల సరుకులు మీ దగ్గరే కొనేవి. కరెంటు, ఇద్దరు కుర్రాళ్ళ జీతం, ఫ్రీజరు కలిపితే 300 ఇళ్ళు. కాబట్టి ఎంత దూరం నుంచి వస్తారు అని కాకుండా, ఆ 300 ఇళ్ళు ఎక్కడున్నాయి అని అడగండి. మూడు వీధుల్లో దొరికితే దూరంతో పనేముంది?

లెక్కల_మాస్టారు
మామయ్య గారి ప్రశ్న 1933లో జర్మనీలో క్రిస్టాలర్ వేసిందే. ఏ వ్యాపారానికైనా రెండు హద్దులు ఉంటాయన్నాడు. బతకడానికి కావలసిన కనీస జనం ఒకటి, జనం ఇష్టపడి వచ్చే దూరం ఇంకొకటి. రెండోదాని లోపల మొదటిది ఇమిడితేనే కొట్టు నిలుస్తుంది. హాలు పెంచితే రెండూ పెరుగుతాయి. బావగారు ఒకటే చూశారు.

పచారీ_40ఏళ్ళు
మీరంతా ఒకటి మర్చిపోయారు. 3,500 అడుగుల్లో స్టాకు పెడితే పల్లె కిరాణా కొట్లవాళ్ళు ఆయన దగ్గరే కొంటారు. మాకు డిస్ట్రిబ్యూటర్ లైను బండి వారానికోసారే వస్తుంది, మధ్యలో అయిపోతే పట్నం పరిగెత్తాలి. దగ్గర్లో ఎవరైనా హోల్‌సేల్ ఇస్తే అక్కడికే వెళ్తాం. ఆ పద్నాలుగు ఊళ్ళ ఆడవాళ్ళు ఈయన కొట్టుకి రారు. ఆ ఊళ్ళ కొట్లవాళ్ళు వస్తారు. వాళ్ళతో పోటీ పడకుండా వాళ్ళకి అమ్మండి.

మ్యాపుల_పిచ్చి
పెద్దాయనా, మొదటి మాటతో మీతో పోట్లాడదామనుకున్నా. ఈ పోస్టు నేను దాచుకుంటున్నా.

సైట్_సర్వే
గోదారి_కొట్టు గారూ, సంతకం పెట్టే ముందు పదిహేను రోజులు ఒక పని చేయండి. బిల్లు వేసేటప్పుడు "ఏ వీధి అండీ, ఏ ఊరండీ" అని అడిగి బిల్లు వెనక రాయించండి. ఎంత మొత్తం అన్నది కూడా. తర్వాత మ్యాపు మీద చుక్కలు పెట్టండి. మీ అమ్మకంలో నూటికి అరవై, డెబ్భై ఎక్కడి నుంచి వస్తోందో ఆ ముక్క మీ అసలు ఏరియా. మిగతాది దారిన పోతూ ఆగినవాళ్ళు.

గోదారి_కొట్టు
అలాగే చేస్తాను. ఎల్లుండి నుంచి మొదలు.

గోదారి_కొట్టు
పదిహేను రోజులయ్యాయి, చుక్కలు పెట్టడం ఈ రాత్రే అయింది. మా ఆవిడ, నేను కలిసి గోడ మీద మ్యాపు అంటించి పెట్టాం.

పట్నం వైపు మూడు కిలోమీటర్లలో ఉన్న పల్లె నుంచి పదిహేను రోజుల్లో తొమ్మిది బిల్లులు. రోజూ పలకరించుకునే ఊరు అది! ఎదురు దిక్కున, కాలవ వంతెన దాటి ఆరు కిలోమీటర్లలో ఉన్న ఊరి నుంచి 64 బిల్లులు. షేర్ ఆటో మా కొట్టు ముందే ఆగుతుంది, అందుకనుకుంటా. ఆ బిల్లులు పెద్దవి కూడా. మాస్టారు పట్నానికి ఎదురు దిక్కున గీత దూరం జరుగుతుందన్నప్పుడు నాకు నమ్మకం కలగలేదు. అదే దిక్కున కాలవ అవతలే ఇంకో ఊరు ఉంది, నేరుగా చూస్తే మాకు మూడున్నర కిలోమీటర్లే, కానీ వాళ్ళకి వంతెన దాకా చుట్టు తిరుగుడు. అక్కడి నుంచి నాలుగే బిల్లులు.

మిగతా అమ్మకమంతా మా ఊళ్ళో అయిదు వీధులది. బిల్లుకి సగటున 180 రూపాయలు. అంటే వస్తున్నారు, కానీ నెల సరుకులకి రావడం లేదు.

అత్తిలి_ఆడపడుచు
ఎందుకు రావడం లేదో అడిగారా?

గోదారి_కొట్టు
అడిగానండీ, పది మందిని. ఏడుగురు ఒకటే అన్నారు: "నీ దగ్గర అన్నీ ఒకచోట దొరకవు బాబూ, ఎలాగూ పట్నం వెళ్ళాలి కాబట్టి అన్నీ అక్కడే తెచ్చుకుంటాం." ధర గురించి ఇద్దరే అన్నారు.

హాలు తీసుకుంటున్నాను, కానీ వేరేగా. 2,000 అడుగుల్లోనే ర్యాకులు. రకాలు పెంచుతాను: డిటర్జెంట్లు, పిల్లల డైపర్లు, స్టీలు సామాను, పూజ సామాను, ఫ్రీజరు ఒకటి. మిగతా 1,500 వెనక గోదాము, పల్లె కొట్లకి హోల్‌సేల్. ఖాతా పుస్తకం నాన్నగారి చేతిలోనే ఉంటుంది, కౌంటరు పక్కన ఆయన కుర్చీ వేస్తున్నాం. బరువు సామాను వంతెన దాటి ఆ ఊరికి మంగళ, శుక్రవారాలు ఆటోలో పంపుతాం. బావగారికి మ్యాపు చూపిస్తే చాలాసేపు చూసి, ఆటో ఖర్చు మొదటి ఆరు నెలలు తను పెట్టుకుంటానన్నారు.

మండపేట_మామయ్య
హోల్‌సేల్ గోదాముకి తలుపు వెనక వైపు విడిగా ఉందా? ముందు నుంచే బస్తాలు మోస్తే సరుకులకొచ్చిన ఆడవాళ్ళకి ఇబ్బంది.

గోదారి_కొట్టు
లేదు మామయ్యా, వెనక గోడే ఉంది. రేపు పొద్దున ఓనరు గారితో అదే మాట్లాడతాను. షట్టరు పెట్టించి ఇస్తే అడ్వాన్స్ కడతాను.

సైట్_సర్వే
షేర్ ఆటో ఆగే చోటు కొత్త హాలు ముందుకి మారుతుందో లేదో ఆటోవాళ్ళతో కూడా రేపే మాట్లాడండి. ఆ 64 బిల్లులు అక్కడున్నాయి.